లోకనాథం ఇంటి పాలరాయి

పాలకొండలో లోకనాథం అనే దర్జీ ఉండేవాడు; కుట్టుపనిలో దిట్ట, కాని పొరపాటు తనదని ఒప్పుకోవడం మాత్రం ఆయనకు పుట్టుకతో రాలేదు. చొక్కా బిగుతుగా వస్తే, "మీరే ఒళ్లు చేశారు" అనేవాడు. ఒక చెయ్యి పొట్టిగా వస్తే, "మీ భుజమే కాస్త వంకర" అనేవాడు.

ఆయన ఎంతో ముచ్చటపడి కొత్త ఇల్లు కట్టుకుని, హాలంతా తెల్లని పాలరాయి పరిపించాడు. రాయి పరిచిన మేస్త్రి వెళ్లేముందు, "బాబూ, ఈ రాయికి పులుపు పడదు. నిమ్మరసమో చింతపండు రసమో ఒలికితే వెంటనే నీళ్లతో తుడిచేయండి. బాత్రూమ్ యాసిడ్ చుక్క కూడా తగలనీయకండి" అని చెప్పాడు.

పనిమనిషి పైడమ్మ ఆ మాటలు శ్రద్ధగా విన్నది. రోజూ ముందు మెత్తని చీపురుతో ఇసుక రేణువు లేకుండా ఊడ్చేది. తరువాత గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడిచి, చివర పొడిగుడ్డ వేసేది. నేల అద్దంలా ఉండేది. లోకనాథం భార్య కాంతమ్మ వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కాంతమ్మ బజారుకు వెళ్లింది. లోకనాథం నిమ్మకాయ షర్బత్ కలుపుకుని, టీవీలో క్రికెట్ చూస్తూ కూర్చున్నాడు. వికెట్ పడగానే ఎగిరి గంతేశాడు. గ్లాసు బోర్లా పడింది.

"ఈ ఓవరు అయ్యాక తుడుస్తాలే" అనుకున్నాడు. ఓవరు తరువాత ఇంకో ఓవరు వచ్చింది. తీరా తుడిచేసరికి నేల మీద అరచేయంత మేర మెరుపు పోయింది.

"రాయే నాసిరకం!" అని విసుక్కున్నాడు. భార్య వచ్చేలోగా మచ్చ పోగొట్టాలని, మేస్త్రి మాట గుర్తున్నా, బాత్రూమ్‌లోంచి యాసిడ్ సీసా తెచ్చి పోశాడు. నేల బుసబుసమని పొంగింది. కంగారుగా నీళ్లు కుమ్మరించి చూస్తే, అరచేయంత మచ్చ కాస్తా పళ్లెమంత అయింది. తాకితే గరగరలాడింది. లోకనాథం గబగబా టీపాయ్ జరిపి దానిమీద పెట్టేశాడు.

మర్నాడు ఊడవడానికి టీపాయ్ తీసిన పైడమ్మ, "అమ్మా, ఇలా చూడండి!" అని కేకేసింది.

కాంతమ్మ వచ్చి చూసింది. "ఏం పోశావే దీనిమీద?"

"నేనేం పోయలేదమ్మా. ఇది యాసిడ్ పోసిన చోటులా ఉంది."

"ఇంట్లో నేల తుడిచేది నువ్వేగా! ఇంకెవరు పోస్తారు?"

లోకనాథం పక్కనే కత్తెరకు సాన పెట్టుకుంటున్నాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, పెద్దమనిషిలా, "పోనీలే కాంతం. పనివాళ్లు అన్నాక పొరపాట్లు జరుగుతాయి. ఈసారికి మన్నించేద్దాం" అన్నాడు.

పైడమ్మ చేతిలో గుడ్డ కింద పెట్టింది. "చేయని తప్పుకు నాకు మన్నింపు ఎందుకు బాబూ?" అని కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

కాంతమ్మకు మోకాళ్ల నొప్పులు. అందుకని నేల తుడిచే పని లోకనాథం మీద పడింది. ఊడవకుండానే తుడిచేసరికి ఇసుకతో గీతలు పడ్డాయి. అవైనా ఓర్చుకునేవాడేమో. నాలుగో రోజు ఎదురింటి రమణమ్మ జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వచ్చి, "మీ నేల పాడుచేసిందటగా! మేమూ, మా ఆడపడుచు వాళ్లూ పైడమ్మను మాన్పించేశాం" అంది.

ఆ మధ్యాహ్నం అన్నానికి కూర్చున్న లోకనాథానికి రమణమ్మ మాటే గుర్తొచ్చింది. ఒక మనిషి బతుకుతెరువు తన అబద్ధం వల్ల పోయింది. కంచం ముందునుంచి లేచి, చెప్పులేసుకుని, పైడమ్మ ఇంటికి నడిచాడు. ఆమె వాకిట్లో ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు ఆడవాళ్లతో కూర్చుని ఉంది.

"పైడమ్మా, ఒక పొరపాటు జరిగింది" అన్నాడు నసుగుతూ.

"జరిగిందా, చేశారా బాబూ?"

లోకనాథం తల వంచుకున్నాడు. తరువాత అందరికీ వినపడేలా, "చేశాను. షర్బత్ ఒలికించింది నేనే, యాసిడ్ పోసింది నేనే. నింద నీమీద పడుతుంటే నోరు మూసుకున్నదీ నేనే" అన్నాడు.

పైడమ్మ లేచి నిలబడింది. "ఈ మాట ఆ రెండిళ్లలో కూడా చెబుతారా?"

ఆయన అటునుంచి అటే వెళ్లి చెప్పాడు. రమణమ్మ ముక్కున వేలేసుకుంది, కాని సాయంత్రానికి పైడమ్మకు కబురు పంపింది. ఇంటికొచ్చి అదే మాట చెబితే కాంతమ్మ భర్తను తనివితీరా తిట్టి, తరువాత తానే పైడమ్మ ఇంటికి వెళ్లి, "తొందరపడ్డాను, ఏమీ అనుకోకు" అని చేయి పట్టుకుని తీసుకొచ్చింది.

ఆ వారమే పాలిష్ యంత్రంతో మేస్త్రి వచ్చాడు. సగం రోజు రుద్దితే నేలకు మెరుపు తిరిగి వచ్చింది. లోకనాథం మనసూ తేలికపడింది. అందరికీ టీ పెట్టి తానే అందించాడు.

తప్పు చేసిన వెంటనే ఒప్పుకుంటే తేలిగ్గా తుడిచిపెట్టుకుపోతుంది. దాచిపెట్టి ఇంకొకరి మీదకు నెడితే అది పెరిగి పెద్దదై అమాయకుల బతుకుల్నే తినేస్తుంది.