గవరమ్మ పిలుపు

అనగనగా ఒక ఏరు. ఊ కొట్టండి మరి. కొట్టకపోతే మెలకువగా ఉన్నారో లేదో నాకెలా తెలుస్తుంది?

ఆ ఏటి ఒడ్డున శ్మశానం. శ్మశానం దారిలో, సగానికి, ఒక గుడిసె. అందులో గవరమ్మ. ఎండుపుల్లలు ఏరుకుని బతికే మనిషి. ఒక్కడే కొడుకు, బంగారయ్య. వాణ్ణి వరదలో ఏరు ఎత్తుకుపోయింది. శవం కూడా దొరకలేదు.

మనలో పాడెను సగం దారిలో దించుతారు కదా, దింపుడు కళ్ళం అని. అయినవాళ్ళు చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ఏ మూలో ప్రాణముంటే లేస్తారని ఆశ. ఆ దించేది గవరమ్మ గుమ్మం ముందే. ఊరందరి పిలుపులూ విన్నది, తన కొడుకుని మాత్రం పిలుచుకోలేకపోయింది. అదే ఆమె కడుపుకోత.

ఒకనాడు నలుగురు ఒక పరదేశి శవాన్ని తెచ్చారు. దించకుండా పోతున్నారు.

"దించరేటి?" అంది గవరమ్మ.

"ఊరు తెలీదు, పేరు తెలీదు. ఏటని పిలుస్తాం?"

"నా కొడుకు పేరు ఖాళీగానే ఉంది. దాంతో నేను పిలుస్తాను."

వంగి పిలిచింది. "బంగారయ్యా, లేరా, చోడంబలి చల్లారిపోతంది." మూడుసార్లు. లేవలేదు. "ఎల్లిరా నాయనా" అని పంపింది.

మరుసటేడు ఇంకొకడు. మూడుసార్లు పిలిచింది. లేవలేదు. "ముసల్దానికి పిచ్చి" అని ఊళ్ళో నవ్వుకున్నారు. కానీ ఆ చోళ్ళ అంబలి, అదే రాగంబలి, మాత్రం ప్రతిసారీ నిజంగానే కాచేది. పోయేవాళ్ళతో అబద్ధమాడకూడదట.

మూడోవాడు గాజులమ్ముకునే పరదేశి. సత్రంలో మూడు రోజులు జ్వరంతో కాలి, కట్టెలా బిగుసుకుపోయాడు. వాన ముంచుకొస్తోంది.

"చితి తడిసిపోద్ది, అడ్డులే" అన్నారు మోసేవాళ్ళు.

గవరమ్మ దారికడ్డంగా కూర్చుంది. "నన్ను దాటుకుని పొండి, చూద్దాం."

చచ్చినట్టు దించారు.

"బంగారయ్యా, లేరా, చోడంబలి చల్లారిపోతంది." లేవలేదు. మళ్ళీ పిలిచింది. లేవలేదు. మూడోసారి పిలిచింది.

"ఊ" అన్నాడు.

మోసినవాళ్ళు ఎటు పోయారో నేను చెప్పలేను. ఆ మనిషి కళ్ళు తెరిచి, "ఉల్లిపాయుందేటి?" అని అడిగాడు.

ఉంది. ఏడుస్తూనే ముంత నోటికందించింది.

"నీ పేరేటి నాయనా?"

"నువ్వు పిలిచిందే కదమ్మా."

ఇంకెక్కడికీ పోలేదు. అక్కడే గాజులమ్ముకుంటూ, ఆమెకు కొడుకై ఉండిపోయాడు.

చాన్నాళ్ళకు గవరమ్మ పోయింది. తన గుమ్మం ముందే దించారు. వాడు పొద్దున్నే అంబలి కాచాడు. "అమ్మా, లే, చోడంబలి చల్లారిపోతంది." మూడుసార్లు. లేవలేదు.

"నువ్వు పిలిస్తే నేను లేచాను. నేను పిలిస్తే నువ్వు లేవవేటమ్మా" అని ఏడ్చాడు. ఆనాడు నవ్వినవాళ్ళూ ఏడ్చారు. "ఎల్లిరా అమ్మా" అని ఊరంతా పంపింది.

ఇప్పటికీ అక్కడ అయినవాళ్ళు లేని శవమొస్తే, ఎవరో ఒకరు ముంతెడు అంబలి, ఉల్లిపాయ పట్టుకుని ఎదురొస్తారు. పాడె దించుతారు. పేరు తెలియని మగవాడైతే బంగారయ్యా అని, ఆడమనిషైతే గవరమ్మా అని మూడుసార్లు పిలుస్తారు. పిలిచాక కాసేపు అందరూ నోరు మూసుకుని ఆగుతారు, "ఊ" అంటారేమోనని.