ఆఖరి పూత

అనగనగా, తెర వెనక దీపం వెలిగిస్తే చాలు ఊరంతా వచ్చి కూర్చునే రోజుల్లో, సుంకులమ్మ అనే తోలుబొమ్మల పనిమంతురాలు ఉండేది. మేకతోలును వెలుతురు పారేంత పలచగా గీకి, బొమ్మ కోసి, రంగులద్దేది. ఆ బొమ్మకు తగ్గ కథ కూడా తనే కట్టేది.

ఆ కాలపు బొమ్మలాటల్లో రాణులకు రెండే పనులు. ఏడవడం, మూర్ఛపోవడం. సుంకులమ్మకు అది కడుపుమంట. అందుకే నిండు సభలో లేచి, "మహారాజా, నా పేరేమిటి?" అని అడిగే రాణిని చేసింది. తన ఏడుగురు భార్యలనూ "రాణీ" అనే పిలిచే బొమ్మరాజు ఏం చెబుతాడు? నీళ్లు నములుతాడు. రాణి తలవంచుకుని వెళ్లిపోతుంది. అక్కడితో కథ అయిపోతుంది.

బొమ్మల మేళం నడిపే గంగవ్వ వచ్చింది. "వదినా, బొమ్మ ఇయ్యి. తిరనాళ్లలో ఆడిస్తాం. రాజుగారూ వస్తున్నారు."

సుంకులమ్మ బొమ్మను ఒళ్లోకి లాక్కుంది. "కాటుక చాలలేదే" అంటూ కళ్లతో మొదలుపెట్టి ఒళ్లంతా ఒక పూత పూసింది.

గంగవ్వ వట్టి చేతులతో వెళ్లి, మళ్లీ వచ్చింది. "చీర వెలిసినట్టుంది" అని రెండో పూత.

మూడోసారీ వచ్చింది. "పెదాలు పాలిపోయాయి" అని మూడో పూత.

బొమ్మకు ఒళ్లు మండింది. "అమ్మా, నేనెప్పుడో పూర్తయ్యాను. పంపించు."

"నోర్ముయ్! జనం నవ్వితే?"

"నవ్వేది నన్ను చూసి. చెమటలు నీకెందుకు?"

తిరనాళ్లు వచ్చేశాయి. గంగవ్వ ఇక అడగలేదు. బొమ్మను మూటకట్టి పట్టుకుపోయింది. సుంకులమ్మ పరుగున వెళ్లి జనంలో కూర్చుంది. దీపం వెలిగింది. రాణి తెర మీదికొచ్చింది.



కళ్లు లేవు. చీర లేదు. పెదాలు లేవు. నల్లటి ముద్ద!

"కాకి! కాకి!" అని పిల్లలు కేకలు. "రాణి ఏదయ్యా?" అని రాజుగారి నవ్వు.

సుంకులమ్మ తెర వెనక్కి ఉరికి బొమ్మను అందుకుంది. "నేను వేసిన రంగులన్నీ ఏమైపోయాయే?"

"అన్నీ ఉన్నాయమ్మా, ఒకదాని మీద ఒకటి. వెలుతురుకే దారి లేదు. ఒళ్లో పెట్టుకుని మురిశావు గానీ, ఒక్కసారైనా దీపం ముందు పెట్టి చూశావా?"

సుంకులమ్మ తడిగుడ్డ తీసింది. మొదట పెదాలు, తర్వాత చీర, ఆ తర్వాత కాటుక. తుడిచినప్పుడల్లా తన చర్మమే ఊడినట్టయింది. బొమ్మను గంగవ్వ చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా జనంలోకి వచ్చేసింది.

ఈసారి తెర నిండా రాణి వెలిగింది. "మహారాజా, నా పేరేమిటి?"

బొమ్మరాజు నీళ్లు నమిలాడు. ఇక రాణి తలవంచాలి. వంచలేదు! గిర్రున జనం వైపు తిరిగింది.

"ఈ రాజుకు తెలియదు సరే. అయ్యలారా, మీ కన్నతల్లుల పేర్లు మీలో ఎందరికి తెలుసు?"

రాజుగారు పక్కనున్న రాణిగారి వైపు చూసి, నోరు తెరిచి, మూసుకున్నారు. వెనక వరసలో ఒక ముసలమ్మ లేచి, "నా పేరు బాలనాగి!" అని అరిచింది. ఆమె కొడుకు తెల్లబోయి చూశాడు.

ఆట ముగియగానే సుంకులమ్మ గంగవ్వను పట్టుకుంది. "ఆ మాట నా కథలో లేదే! ఎందుకన్నావు?"

గంగవ్వ ముఖం పాలిపోయి ఉంది. "నేననలేదు వదినా. ఒట్టు."

ఇద్దరూ బొమ్మ వైపు చూశారు.

"ఇంటికి వస్తావా?" అంది సుంకులమ్మ.

"రేపు పక్క ఊళ్లో ఆట ఉందమ్మా" అంది బొమ్మ.

పూర్తయిన పనిని విడిచిపెట్టలేక దిద్దుతూ కూర్చునేవాళ్లు దానికి మెరుగు పెట్టరు, దాని వెలుతురును మూసేస్తారు.