అమ్మ జబ్బు పంచుకున్న కొడుకులు

"గోగుపూలకి పోదమే పిల్లా, గట్టు మీద ఎవరున్నారే...
ఎర్రకోక కట్టిందెవరే, ఎర్రకోక... ఎర్రకోక..."

ఆ తరవాత ముక్క ఎంత తన్నుకున్నా రాలేదు సన్యాసమ్మకి. పాట పోతే పోయింది, ఒళ్ళో చేటలో బియ్యమేదో రాయేదో కూడా తెలియడం లేదు. అన్నంలో కటుక్కుమని కొడుకులిద్దరికీ చెరో పన్నూ విరిగింది. "షావుకారు రాళ్ళు కలిపేస్తన్నాడు" అని వాళ్ళు కొట్టు మార్చారు. అంత తెలివి! ఊరి తెలివంతా ఒక వైపూ, తమ ఇంటి తెలివి ఒక వైపూ వేసి తూస్తే తమదే బరువని వాళ్ళ ధీమా. సన్యాసమ్మకీ అంతే. "నా కొడుకులు నన్ను పుల్ల తీసి అవతల పెట్టనివ్వరు" అని మురిసిపోయేది.

పట్నంలో డాక్టరమ్మ కళ్ళు చూసింది. "షుగరు ముదిరి కంటి లోపల నరాలు పాడవుతున్నాయి. మాత్రలు వెయ్యాలి, రోజూ నడవాలి, అన్నం తగ్గించాలి. నెల తరవాత పరగడుపున రక్తం ఇచ్చి, కంటికి లేజరు చేయించాలి. అశ్రద్ధ చేశారో, పోయిన చూపు మళ్ళీ రాదు" అంది.

ఇంటికొచ్చాక పెద్దకొడుకు పైడిరాజు గొంతు సవరించుకున్నాడు. "అమ్మ ముసిల్ది. ఇన్ని పనులు ఒక్కర్తీ ఎక్కడ చేస్తాది? పంచీసుకుందాం."

అంతే, పంచేసుకున్నారు. మాత్రలు చిన్నోడు గౌరునాయుడికి. నడక పైడిరాజుకి. అన్నం తగ్గించడం పైడిరాజు పెళ్ళాం ఎర్నమ్మకి.

"మరి నాకేటిరా?" అంది సన్యాసమ్మ.

"నువ్వు కూకోమ్మా. ఎర్నమ్మ తగ్గించిన అన్నం ఉంటాది కదా, అది తిను. పారీలేం."

ఎంత పెట్టి పుట్టానో అనుకుంది సన్యాసమ్మ.

ఇంకేముంది! గౌరునాయుడు మాత్ర మింగి, కళ్ళు తిరిగి గేదె కాళ్ళ దగ్గర పడ్డాడు. "మందు పని చేస్తంది!" అన్నాడు పైడిరాజు. తను నడిచి నడిచి పక్కూరి సంత దాకా పోయి, ఆకలేసి జిలేబీ తిని, అమ్మకీ ఒక పొట్లం కట్టించుకొచ్చేవాడు. ఎర్నమ్మ ఎండిపోయింది. ఒకరోజు సన్యాసమ్మ వసారా గుంజతో అరగంట కబుర్లు చెప్పింది.

"అత్తా, నానిక్కడున్నాను. అది గుంజ."

"చిక్కిపోయేవు కదే, తేడా తెలీలేదు. ఊఁ కొట్టకపోతే అలిగేవనుకున్నాను."

నెల తిరిగింది. పరగడుపున రక్తం ఇవ్వాలి. సన్యాసమ్మ చద్దన్నం తినేసింది. ఇంట్లో ఖాళీ కడుపు ఎర్నమ్మదే కనక ఆమే చెయ్యి చాపింది. షుగరు లేదన్నారు. అంతే, ఇంట్లో బూరెలు! సన్యాసమ్మ ఏడు తింది.

ఇక లేజరు మిగిలింది. ఆసుపత్రి వరండాలో సన్యాసమ్మ కళ్ళు చిట్లించి చూసింది. ఎదురుగా మనుషులు పొగలో నడుస్తున్నట్టున్నారు. చూపు పూర్తిగా పోతుందేమో అని మొదటిసారి భయమేసింది.

"నానుండగా నీకెందుకమ్మా?" అని ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి పైడిరాజు లోపలికి పోయాడు. అక్కడ నర్సు వరసగా అందరి కళ్ళల్లో కంటిపాపలు పెద్దవయ్యే మందు చుక్కలు వేసుకుంటూ వస్తోంది. ఇతనూ మొహం ఎత్తాడు. కాసేపటికి గోడలు అలుక్కుపోయాయి, మనుషులు అలుక్కుపోయారు. ఎగిరి గంతేసి, తడుముకుంటూ బయటికొచ్చి, ముందు ఎవరో తాతని "అమ్మా" అని కావిలించుకుని, ఆయన తిట్టాక అసలు అమ్మని పట్టుకున్నాడు.

"ఏటిరా? నాకింకా కనబడ్డం లేదు" అంది సన్యాసమ్మ.

"కంగారు పడకమ్మా! నీ మసకంతా నా కళ్ళల్లోకి దిగిపోయింది. ఇంక నీకు శుభ్రంగా కనబడతాది. లే, నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించు."