చలికొండ మీద సన్నజాజి

అనగనగా మబ్బులకంటే పైన, చలికొండ మీద ఒక ఊరు. ఆ ఊరికి సముద్రం ఒడ్డు నుంచి నూకరత్నం అనే పిల్ల కోడలిగా వచ్చింది. కాళ్ళు చాచుకో బంగారూ, దుప్పటి నాకూ కొంచెం వదులు.

పాపం, నూకరత్నానికి అమ్మ లేదు. పెళ్ళికి ముందటేడే పోయింది. అమ్మ పెంచిన సన్నజాజికి అంటు కట్టి, ఆ మొక్కని చిన్న కుండలో పెట్టుకుని ఒళ్ళోనే మోసుకొచ్చింది. వాకిట్లో నాటి పందిరి వేసింది. ఏడాది పొడుగునా పచ్చగా ఉండే తీగ కదా, వానలకి గబగబా పాకి పందిరెక్కి కూర్చుంది.

సముద్రం ఒడ్డున ఉప్పుగాలి ఆకుల్ని మాడ్చేస్తుంది. అందుకని వాళ్ళమ్మ రోజూ సాయంత్రం నీళ్ళు చల్లి ఆకులు కడిగేది. నూకరత్నమూ అలాగే కడిగేది. కడుగుతుంటే అమ్మ పక్కనే ఉన్నట్టుండేది.

అప్పుడు పుష్యమాసం వచ్చింది. ఆ కొండమీద చలంటే మాటలు కాదు, గడ్డిమీద మంచు ఉప్పులా తెల్లగా పేరుకుంటుంది. తెల్లారి చూస్తే తీగ చివర్లు నల్లబడ్డాయి. "అయ్యో, ఉప్పు పట్టినట్టుంది" అనుకుని ఇంకో చెంబు ఎక్కువ పోసింది. కొండమీద ఉప్పుగాలి ఎక్కడిది, వెర్రిపిల్ల! మర్నాటికి సగం తీగ నల్లబడింది.

ఆ తర్వాత ఎవరి కళ్ళో పడ్డాయనుకుని ఎండుమిర్చితో దిష్టి తీసింది. మళ్ళీ ఆకులు కడిగింది. మూడోనాటికి ఒక్క పచ్చాకు లేదు.

మొగుడు సన్యాసిరావు గునపం తెచ్చాడు. "ఎండిపోయిందిది. పీకేసి చిక్కుడు పెడదాం" అన్నాడు.

నూకరత్నం తీగని పట్టుకుని బావురుమంది. "ఇది పోతే మా అమ్మ మళ్ళీ పోయినట్టే" అంది.

అప్పుడు అత్త పైడమ్మ బొంత కప్పుకుని బయటికొచ్చింది. ఆవిడ మాట కాస్త కటువు. వంగి కాండాన్ని గోటితో గీకింది. లోపల పచ్చగా ఉంది.

"గునపం పక్కనెట్రా. వేరు బతికే ఉంది. ఏటే పిల్లా, ఇంత చలిలో సాయంత్రంపూట ఆకులు తడిపితే ఆ నీళ్ళు గడ్డకట్టవేటి?"

"మా అమ్మ అలాగే కడిగేది అత్తా. నేనెలా మానను?"

అత్త మెల్లగా అంది, "మీ అమ్మే ఈ కొండమీదుంటే నీళ్ళు పోసేదేటి? బొంత కప్పేది."

అని తన బొంత తీసి తీగకి చుట్టేసింది. చలికి వణుకుతూనే చుట్టింది, మహాతల్లి!

ఆ రోజు నుంచి నూకరత్నం ఆకులు తడపలేదు. సాయంత్రం బొంత కప్పేది, ఎండెక్కాక తీసేది, మధ్యాహ్నం వేరు దగ్గర మాత్రం కాసిన్ని నీళ్ళు పోసేది. చలి పూర్తిగా వెళ్ళాక అత్తాకోడళ్ళిద్దరూ కలిసి ఎండు కొమ్మలు కత్తిరించారు. ఉగాదికి చిగురేసింది. తొలకరికి పందిరి నిండా పూసింది.

ఇరుగమ్మలొచ్చి ముక్కున వేలేసుకున్నారు. "మన చలికి సన్నజాజి బతకడమేటే! ఎవరు నేర్పారే నీకు?" అని అడిగారు.

"మా అమ్మ" అంది నూకరత్నం, అత్త చెయ్యి పట్టుకుని.

పైడమ్మ పొయ్యి దగ్గరికెళ్ళి, బాగా మండుతున్న పొయ్యినే మళ్ళీ ఊదుతూ కూర్చుంది.

కథేమో కంచికి వెళ్ళింది,
కునుకేమో కంటికి వచ్చింది,
మా బంగారుతల్లి బజ్జుంది.