క్యాలెండర్ తీసేసిన గోడ

వినీల మూడేళ్లు కష్టపడి హైదరాబాదు మీద డాక్యుమెంటరీ తీసింది. బర్కస్‌లోని అరబ్బులు, సికింద్రాబాదులోని పార్సీలు, సిక్కు ఛావునీలోని సిక్కులు, ఇలా ఎక్కణ్నుంచో వచ్చి ఈ ఊరిని తమ ఊరు చేసుకున్నవాళ్లంతా అందులో ఉన్నారు. శుక్రవారంలోగా దాన్ని ఫిల్మ్ ఫెస్టివల్‌కి పంపాలి. రహమత్ సార్ చూసి సరేనంటేనే పంపుతానని పట్టుబట్టి, ఆయన ఇంటికి వచ్చి కూర్చుంది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

రహమత్ సార్ మా అందరికీ కెమెరా పట్టుకోవడం నేర్పిన మనిషి. నలభై ఏళ్లు డాక్యుమెంటరీలు తీసి, ఇప్పుడు మలక్‌పేటలో ఒక చిన్న ఇంట్లో ఉంటున్నారు. ముందు గదిలో గోడకి పెద్ద తెలుగు క్యాలెండర్. అందులో తిథుల పక్కనే ఆయన ఉర్దూలో ఏవేవో రాసుకుంటారు. పక్కింటి కమలమ్మగారు ఏకాదశి ఎప్పుడని గోడ అవతల నుంచి కేకేస్తే, చూసి చెప్పేది ఆయనే. అలాంటి గురువు దొరకడం మా అదృష్టం.

సార్ సినిమా మొత్తం కదలకుండా చూశారు. తర్వాత వెనక్కి తిప్పి, బర్కస్ పెద్దాయన ఒమర్ బిన్ సాలెం మాట్లాడే చోట ఆపారు. ఆయన వెనక గోడంతా మాసిపోయి ఉంది. నడుమ నిలువుగా ఒక ముక్క మాత్రం తెల్లగా ఉంది. దాని పైన ఒక మేకు.

“ఈడ ఏముండె?” అన్నారు సార్.

అక్కడ తెలుగు క్యాలెండర్ ఉండేదని వినీల చెప్పింది. అరబ్బుల ఇల్లు అరబ్బుల ఇల్లులాగే కనబడాలని తనే తీయించిందట. పార్సీ ఆవిడ వంటింట్లో ఆవకాయ జాడీని కూడా అలాగే పక్కకి పెట్టించిందట. ఫ్రేము శుభ్రంగా ఉండాలని మీరే కదా నేర్పింది అని కూడా అంది, కాస్త గర్వంగానే.

సార్ లేచి తన గోడ మీది క్యాలెండర్ తీసి ఆమె ఒళ్లో పెట్టారు. టోపీ సర్దుకుని, జపమాల చేతిలోకి తీసుకుని, ఆ ఖాళీ గోడ ముందు కూర్చున్నారు.

“నన్ను తియ్యి బిడ్డా.”

వినీల కెమెరాలోంచి చూసింది. తెల్లగడ్డం, టోపీ, జపమాల. వంక పెట్టడానికి లేదు.

“శుభ్రంగున్నదా?”

“ఉంది సార్.”

“నేనున్ననా అండ్ల?”

వినీల కెమెరా దించేసింది. తర్వాత లేచి క్యాలెండర్‌ని మేకుకి తగిలించి, వంకర లేకుండా సరిచేసింది.

శుక్రవారం సినిమా ఎక్కడికీ పోలేదు. వినీల మాత్రం కెమెరా తీసుకుని బర్కస్ వెళ్లింది. ఒమర్‌గారు తలుపు తీసి, మళ్లీ వచ్చావా, రా తల్లీ అంటూ పక్కకి జరిగారు. లోపల గోడ మీద, అదే మేకుకి, ఈ ఏటి తెలుగు క్యాలెండర్ వేలాడుతోంది.