బావమరిది చేతిలో తాడు

సోమయాజులుగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ఫలానా మాటకు అర్థమేమిటని అడిగితే ఆయన నిఘంటువు తీసేవారు కాదు, చెప్పులు తొడుక్కునేవారు. నల్లమల అంచున ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో చదువు తక్కువ, నడక ఎక్కువ అని శిష్యులు గొణుక్కునేవారు. ఆ గొణుగుడు ఆయనకు వినిపించేది కూడా.

ఒకనాడు కేదారి అనే శిష్యుడు ఒక సందేహం పట్టుకొచ్చాడు. "గురువుగారూ, కావ్యాల్లో ఓరచూపు అంటే నాయిక సిగ్గుపడుతూ చూసే చూపు. ఊళ్ళోనేమో ఎవరినైనా నమ్మకపోతే 'వాణ్ణి ఓరకంట చూస్తున్నారు' అంటారు. ఈ రెండోదానికి అర్థం రాద్దామంటే కలం సాగడం లేదు."

గురువుగారు చెప్పులు తొడుక్కున్నారు.

ఆ వేళ దగ్గరి చెంచుగూడెం వాళ్ళు కొండచరియలో తేనె తీస్తుంటే, కేదారిని అక్కడికి తీసుకెళ్ళారు. తేనె తీసేవాడు నడుముకు తాడు కట్టుకుని లోయలోకి దిగుతాడు. పైన తాడు పట్టేది అతని భార్య తోడబుట్టినవాడే. తోడబుట్టినదాని పసుపుకుంకాలు కోరుకునేవాడు గనక చెయ్యి వదలడని వాళ్ళ నమ్మకం. ఆనాడు దిగవలసినవాడు అంకన్న, పట్టవలసినవాడు అతని బావమరిది ఈదన్న. చిక్కల్లా ఏమిటంటే, ఒక వేటకుక్క దగ్గర మాటామాటా పెరిగి వానాకాలం నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. "నీ అంతు చూస్తా" అని ఈదన్న నలుగురిలో అన్నాడు కూడా.

ఇంకేముంది, చుట్టూ ఉన్నవాళ్ళంతా ఈగలకు పొగ పెట్టే పనిలో ఉన్నట్టే ఉండి ఈదన్న చేతుల్ని ఓరకంట చూస్తున్నారు. సొంత అక్క, అంకన్న భార్య ఈరమ్మ కూడా బుట్ట సర్దుతూ అలాగే చూసింది. పక్కవాడెవరో కుక్క సంగతి చెవిలో ఊదేసరికి కేదారీ చూశాడు.

ఈదన్న తాడు కింద పెట్టేశాడు.

"ఇంకెవరికన్నా ఇయ్యి బావా. వీళ్ళందరూ ఇట్టా చూస్తాంటే నా చేతుల మీద నాకే నమ్మకం పోతాంది."

అంకన్న తాడు తీసి మళ్ళీ అతని చేతిలోనే పెట్టి, ముఖంలోకి సూటిగా చూశాడు.

"కుక్క గొడవ కుక్కది. పట్టుకో" అన్నాడు. అని, మళ్ళీ పైకి చూడకుండా దిగిపోయాడు.

కాసేపటికి కింద తేనెటీగలు రేగాయి. అంకన్న వాటిని విదిలించుకోబోతుంటే కాలికింద రాయి ఊడింది. తాడు ఒక్క ఉదుటున జారింది. ఈదన్న మడమలు బండకు తన్నిపెట్టి, పళ్ళు బిగించి నిలబడ్డాడు. అరచేతుల తోలు లేచిపోయింది గానీ పట్టు సడలలేదు. అప్పుడు పరిగెత్తుకొచ్చి తలా ఒక చెయ్యి వేశారు మిగతావాళ్ళు.

పైకి వచ్చిన అంకన్న ముఖం ఈగలు కుట్టి బూరెలా ఉబ్బిపోయి ఉంది. అతను నోరు తెరిచేలోపే ఈదన్న అతని కాళ్ళు పట్టుకుని భోరున ఏడ్చాడు.

"నన్ను నమ్మినావు బావా. నీ మేలు ఈ జన్మకు మరిచిపోను."

"పైకి లాగింది నువ్వయితే మేలు నాదంటావేందిరా" అన్నాడు అంకన్న, ఉబ్బిన పెదాలతో నవ్వలేక నవ్వుతూ.

ఈరమ్మ వచ్చి తమ్ముడి అరచేతులకు తేనె రాసింది. రాస్తూ చాలాసేపు తల ఎత్తలేదు. చివరికి ఎత్తి, "తప్పయిందిరా తమ్ముడూ" అంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు.

తిరిగివచ్చే దారిలో వాగు దాటాక కేదారి ఇక ఉండబట్టలేక అడిగాడు.

"గురువుగారూ, నేనూ ఆ నలుగురితో పాటే చూశాను. అది తప్పని తెలిసింది. కానీ ఒకటి బోధపడలేదు. ప్రాణం దక్కినవాడు కదా దండం పెట్టాలి? కాపాడినవాడు పెట్టాడేమిటి?"

సోమయాజులుగారు నడక ఆపలేదు.

"తాడు పట్టుకున్నది ఈదన్న" అన్నారు. "తాడు కింద పెట్టేసినప్పుడు ఈదన్నను పట్టుకున్నదెవరో నువ్వు చూడలేదూ?"