గోరింక ముక్కుకు సాన

ఒకప్పుడు పిట్టల ముక్కులకు పదును ఉండేది కాదు. గరిటె అంచులా మొద్దుగా ఉండేవి. మెత్తటి పురుగులు దొరికినన్నాళ్ళూ దానివల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు.

ఒక ఏడు వానలు పడలేదు. పురుగులన్నీ నేల లోతుకు దిగిపోయాయి. కొండ మీద తునికిపళ్ళు మాత్రం మిగిలాయి. ఎండకు వాటి తొక్క చెప్పుల తోలులా బిగుసుకుపోయింది. ఒక గోరింక పొద్దుటి నుంచి పొడుస్తూనే ఉంది. పండు మీద గీత కూడా పడలేదు. గూట్లో మూడు పిల్లలు. వాటిలో చిన్నది నోరు తెరవడం కూడా మానేసింది.

కొండ కింద వాగు పక్కన గవరమ్మ అనే ముసలమ్మ ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ కొడవళ్ళన్నీ ఆమే నూరేది. ఆమె నూరిన కత్తికి తలవెంట్రుక ఆనిస్తే చాలు, తెగి పడేది. గోరింక వెళ్ళి ఆమె ముందు వాలింది.

"అవ్వా, నా ముక్కుకు పదును పెట్టవా?"

"నీ ముక్కు నేను పట్టుకుంటే నీకు ఊపిరాడదు. ఇదిగో సానరాయి. నువ్వే నూరుకో, నేను చెబుతాను," అంది గవరమ్మ.

గోరింక ముక్కును రాతికి అదిమిపెట్టి గరగరా గీకింది.

"ముందు నీళ్ళు చల్లవమ్మా," అంది సానరాయి. "ఒళ్ళు మండిపోతోంది."

గోరింక నీళ్ళు చల్లింది. మళ్ళీ బలమంతా పెట్టి గీకింది.

"అదమకు," అంది గవరమ్మ. "తేలిగ్గా పోనీ."

ఈసారి తేలిగ్గానే నూరింది. కానీ ఒకసారి ముక్కు నిటారుగా పెట్టింది, ఒకసారి పడుకోబెట్టింది.

"ఏ వాలులో మొదలుపెట్టావో అదే వాలులో ఉంచు. ఇప్పుడేగా చెప్పాను."

"ఇప్పుడు చెప్పలేదవ్వా."

"చెప్పకపోతే తెలీదా? అదేమిటి, ఒక పక్కే నూరుతున్నావు? అంచు అవతలికి మడతపడిపోతుంది. ఇటోసారి, అటోసారి. నీకు నేర్పే బదులు వంద కొడవళ్ళు నూరుకునేదాన్ని."

గోరింక కళ్ళు చెమ్మగిల్లాయి. "పిల్లలు పస్తులున్నారవ్వా. అందుకే తొందర."

"ఆ తొందర వల్లే సగం రోజు పోయింది," అని విసుక్కుంటూనే గవరమ్మ దగ్గరికి జరిగింది. చూపుడువేలితో గోరింక తలను కొంచెం వంచి, అలాగే పట్టుకుంది. గోరింక ఆ వాలు తప్పకుండా నూరింది. సూర్యుడు కొండ వైపు వాలేసరికి ముక్కు తళతళలాడింది.

"అయిపోయిందా?"

"కాలేదు. అంచున సన్నటి పొర వేలాడుతోంది. అది పోతేనే అసలు పదును. ఆ కొడవలి చెక్క పిడికి తుడుచుకో, ఇటూ అటూ."

గోరింక తుడుచుకుంది. గవరమ్మ తన తెల్లవెంట్రుక ఒకటి పీకి ముక్కుకు ఆనించింది. అది చప్పుడు లేకుండా తెగిపోయింది.

గోరింక ఎగిరిపోయి తునికిపండుకు ముక్కు తాకించింది. తొక్క విచ్చుకుంది. చిన్నపిల్ల మొదటి ముక్కను మింగలేకపోయింది. మూడో ముక్కకు తనే నోరు తెరిచింది.

మర్నాడు పొద్దున్నే గోరింక మళ్ళీ వచ్చింది. పండు జిగురు ముక్కుకు ఎండి అట్టకట్టింది. ఆ మర్నాడు కాకినీ, పిగిలిపిట్టనీ కూడా వెంటబెట్టుకొచ్చింది. నాలుగోరోజుకు వాగు గట్టంతా ముక్కులు నూరుకునే పిట్టలే. కొడవళ్ళు తెచ్చిన రైతులు వెనక నిలబడ్డారు.

"ఇలాగైతే నేను అరిగి ఇసుకైపోతాను," అంది సానరాయి.

గవరమ్మ లేచి నిలబడింది. "ఇంక నా వల్ల కాదు. ముక్కులకు పదును వచ్చింది కదా, దాన్ని కాపాడుకోవడం మీ పని. తిన్న వెంటనే, జిగురు ఎండకముందే, కూర్చున్న కొమ్మకే తుడుచుకోండి. ఇటోసారి, అటోసారి. రాయి అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. వెళ్ళండి."

పిట్టలు వెళ్ళిపోయాయి.

అప్పటినుంచే ప్రతి పిట్టా ఏదైనా తినగానే ముక్కును కొమ్మకు ఇటోసారి, అటోసారి రాస్తుంది.